ఈల మోగని ఇల్లు

రూలో అండ్ సన్స్ ఆయిలు కంపెనీ అమ్ముడుపోయిన మూడో రోజు, శనివారం పొద్దున, జినెట్ తండ్రికి గడ్డం గీస్తూ ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట అడిగేసింది.

"నాన్నా, సాయంత్రం చర్చి విందుకి ఊరంతా వస్తుంది. ఆ రోజు ప్రెస్కాట్ గారింటి దగ్గర గొట్టం పట్టుకున్నది నువ్వేనని చెప్పెయ్. ఒక్క మాట చాలు."

ఫెర్నాండ్ రూలోకి ఎనభై నాలుగేళ్ళు. మాట వినిపించదు, అది బయటపడకూడదని ఎదుటివాళ్ళ పెదవులే చూస్తూ మాట్లాడతాడు. జినెట్ కూడా ఆ సంగతి తెలిసే ఎప్పుడూ ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది.

"అరవకు. నాకేమన్నా చెవుడా?" అన్నాడు.

"సంతకాలు అయిపోయాయి. కంపెనీ మనది కాదు. ఇప్పుడు నిన్నెవరేం చేస్తారు?"

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. చెప్తానను."

"చెప్తాలే తల్లీ! ముందు బ్లేడు చూసుకో, గొంతు కోసేట్టున్నావు."

ఆ "చెప్తాలే" జినెట్‌కి ఆ పూటకి కొండంత అండ. కంపెనీ కొన్నవాళ్ళ తరఫున వచ్చిన మేనేజరు కింబల్ మంచివాడిలాగే ఉన్నాడు. పాత డ్రైవర్లందరినీ ఉంచుకుంటానన్నాడు, జినెట్‌ని తప్ప. "మీ పేరు మీద ఆయిలు ఒలికిన కేసుంది కదండీ, పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. అది తను చెయ్యలేదని జినెట్ చెబితే, నవ్వకుండానే విన్నాడు పాపం. "అక్కడున్నవాళ్ళు ఎవరైనా నా ముందు ఆ మాట అంటే, నేను పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు. అక్కడున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు జినెట్, రెండోవారి గడ్డానికి ఇప్పుడు సబ్బు నురగ ఉంది.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి మళ్ళీ మంచులో గొట్టాలు లాగుతానని ఎందుకు పట్టుబడుతోందో అర్థం కావాలంటే రూలో వాళ్ళ సంగతి కొంచెం తెలియాలి. ముత్తాత ఒనేజిమ్ కెనడాలోని కెబెక్ నుంచి అమెరికాలో మేన్ రాష్ట్రంలోని ఈ ఊరికి బట్టల మిల్లులో పనికొచ్చి, మిల్లుకి రెండు వేళ్ళు సమర్పించుకుని, మిగతా ఎనిమిదితో ఒక ముసలి గుర్రాన్ని కొన్నాడు. రంపపు మిల్లులో పారేసే చెక్కపేళ్ళు ఇంటింటికీ వేసేవాడు, తరవాత బొగ్గు. కొడుకు ఆర్మాండ్ చలికాలం బొగ్గు, ఎండాకాలం ఐసు తోలాడు. చలికాలం వేడి అమ్మి, ఎండాకాలం చల్లదనం అమ్మి, ఏ కాలంలోనూ ఒక మంచిమాట పంచని మనిషని పేరు. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఊళ్ళోకి, ఇళ్ళు వెచ్చబెట్టే ఆయిలు పోసే మొదటి ట్యాంకరు తెచ్చి, దాని పొట్ట మీద ఎర్రక్షరాలతో "రూలో అండ్ సన్స్" అని రాయించింది ఆయనే. అప్పటికి ఆయనకున్నది ఒక్క కొడుకు ఫెర్నాండ్, నలుగురు కూతుళ్ళు. ఆ నలుగురూ పెళ్ళిళ్ళయ్యేదాకా టెలిఫోను ఎత్తారు, చీటీలు రాశారు, డ్రైవర్లకి వంట చేశారు. బండి మీద మాత్రం లేని కొడుకులకి కూడా చోటు దొరికింది కానీ, ఉన్న కూతుళ్ళకి దొరకలేదు.

ఫెర్నాండ్ కొడుకు డెనిస్‌కి చిన్నప్పటినుంచీ ఆయిలు వాసన పడదు. కాలేజీలో లెక్కలు చదివి వచ్చి, కుర్చీలో కూర్చుని యజమాని అయ్యాడు. జినెట్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు ఫెర్నాండ్‌కి నడుం పట్టేసింది. రెండు వారాలు బండి తోలమని ఆమెని ఎక్కించారు. ఆ రెండు వారాలు ముప్ఫై నాలుగేళ్ళయ్యాయి.

ఆ పని చూసేవాళ్ళకి సులువు. ఇంటి గోడకి రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో ఆయిలు పోస్తాం. నేలమాళిగలో ఉన్న ట్యాంకు నిండుతుంటే లోపలి గాలి రెండో గొట్టంలోంచి బయటికి తోసుకొస్తూ ఈల వేస్తుంది. ఈల మోగుతున్నంతసేపూ పొయ్యాలి, ఆగగానే కట్టెయ్యాలి. అసలు మొదట్లోనే ఈల మోగలేదంటే చెయ్యి తీసెయ్యాలి. "ఈల లేదా, ఆయిలు లేదు" అని తాత ఆర్మాండ్ అయిదుగురు పిల్లలకీ జపమాల కంటే ముందు నేర్పాడు. జినెట్ ఎముకలు కొరికే జనవరిలో కూడా టోపీ చెవుల పైకి మడిచి నిలబడేది, ఈల సరిగ్గా వినాలని. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె ఎవరి వాకిట్లోనూ మంచు మీద ఆయిలు ఎర్రచుక్క పడనివ్వలేదు. ఆ ఊళ్ళో కొందరికి మొగుడి మీద గర్వం, కొందరికి పిల్లల మీద. జినెట్‌కి మొగుడూ పిల్లలూ లేరు, ఆ తెల్లటి మంచే ఉంది.

ఆ ఆయిలు ఒలికిన నాటికే ఫెర్నాండ్‌కి చెవులు పోయి చాలా కాలమైంది. నలభై ఏళ్ళు పంపు పక్కన నిలబడితే ఎవరికైనా పోతాయి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ రూలో మగవాళ్ళు చస్తే చస్తారు కానీ ఫలానాది పోయిందని ఒప్పుకోరు. జినెట్ చెవి మిషను కొనిస్తే కట్టెలపొయ్యిలో పడేసి, "బాగానే మండింది" అన్నాడు. డెబ్భై అయిదో ఏట లైసెన్సుకి చెవుల పరీక్ష చెయ్యాలని డాక్టరు కబురుపెడితే వెళ్ళలేదు. లైసెన్సు పోయింది. అడిగినవాళ్ళతో మాత్రం, "నేనే వద్దనుకున్నా, కుర్రాళ్ళు చూసుకుంటారు" అనేవాడు. ఆ కుర్రాళ్ళు ఎవరంటే, యాభై దాటిన జినెట్.

ఆరేళ్ళ కిందటి ఆ జనవరి పొద్దున, ఇంట్లో తోచడం లేదని ఆమె పక్కన బండెక్కి కూర్చున్నాడు. సీడర్ వీధిలో పద్నాలుగో నంబరు పసుపురంగింట్లో ట్యాంకు ఎండిపోయి, ఇల్లు వేడిచేసే బాయిలరు ఆగిపోయింది. కొత్తగా దిగిన చిన్న జంట, నెలల పిల్ల. చలి మైనస్ ఇరవై అయిదు. ట్యాంకు పూర్తిగా ఎండితే పైపులో గాలి చేరుతుంది, ఆయిలు పోశాక ఆ గాలి తీస్తే కానీ బాయిలరు అంటుకోదు. అక్కడి మర ముందే వదులు చేసి ఉంచాలని జినెట్ పానాలు తీసుకుని బండి దిగింది.

"నువ్వు బండి దిగకు నాన్నా. అయిదు నిమిషాల్లో వచ్చి నేనే పోస్తాను" అంది.

ఫెర్నాండ్ తల ఊపాడు. ఆమె అటు తిరిగి మాట్లాడిందేమో, విన్నాడో లేదో దేవుడికే తెలియాలి.

ఆమె నేలమాళిగలో ఖాళీ ట్యాంకు పక్కన మోకాళ్ళ మీద ఉండగా, బయట పంపు హోరు మొదలైంది. దిగనే దిగాడు, మొండిఘటం, అనుకుని కోపం కంటే ముందు నవ్వొచ్చింది ఆమెకి. ఇప్పుడు పైనుంచి ధార పడాలి, ఈల మోగాలి. పంపు హోరు వస్తూనే ఉంది. ట్యాంకులో చప్పుడు లేదు. గొట్టం గడ్డకట్టిందేమో అనుకుంది. పిడికిలితో ట్యాంకుని కొడితే ఖాళీ డబ్బాలా మోగింది.

"ఏమన్నా తేడానా అండీ?" అన్నాడు పిల్లనెత్తుకుని మెట్ల మీద నిలబడ్డ కుర్రాడు.

జినెట్ అతన్ని దాటుకుని పరుగెత్తింది. మెట్లు రెండేసి ఎక్కి బయట పడింది. బండి వెనకనుంచి గొట్టం ఇటు రాలేదు. వీధి దాటి అటువైపున్న ఇంకో పసుపురంగింటికి వెళ్ళింది. అది ప్రెస్కాట్ ముసలమ్మది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫెర్నాండ్ ఆయిలు పోసిన ఇల్లు. మూడేళ్ళ కిందటే ఆమె గ్యాసుకి మారిపోయి ట్యాంకు తీయించేసింది. తీసిన పనివాడు గోడకున్న గొట్టాన్ని మాత్రం అలాగే వదిలేశాడు. సీడర్ వీధి, పసుపు ఇల్లు అని తెలియగానే ఫెర్నాండ్ కాళ్ళు అలవాటైన దారి పట్టాయి.

ఆయన మంచులో నిటారుగా నిలబడి, చేతిలో పట్టు బిగించి, పొగగొట్టం వంక ప్రశాంతంగా చూస్తున్నాడు. ఈల మోగడం లేదు. ఆయనకి ఏ ఈలా వినపడక ఎన్నేళ్ళయిందో! బండి తోలినన్నాళ్ళూ చేతికి తగిలే అదురుని బట్టి పోస్తూ నెట్టుకొచ్చాడన్నమాట. జినెట్ అరిచింది. వెనకనుంచి అరిచింది కాబట్టి ఆయన తిరగలేదు. పరుగెత్తి బండి దగ్గర మర కట్టేసింది. అప్పటికి నూట డెబ్భై గ్యాలన్లు దిగింది, ట్యాంకు లేని నేలమాళిగలోకి.

ప్రెస్కాట్ ముసలమ్మ ఏప్రన్‌తో వాకిలి తీసి, "అమ్మాయ్ జినెట్, ఏదో వాసనొస్తోందే" అంది.

ఆమె జాడీలు, ఆపిల్ బుట్టలు, చచ్చిపోయిన మొగుడి వడ్రంగి బల్ల, మనవల మంచుబళ్ళు అన్నీ ఎర్రటి ఆయిల్లో నానాయి. ఆ మధ్యాహ్నమే ఆమెని ఇల్లు ఖాళీ చేయించారు. నేల తవ్వారు, గోడలు విప్పారు, వాసన మాత్రం పోలేదు. ముసలమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మేనకోడలి ఊళ్ళో ఒక గదిలో రెండు చలికాలాలు గడిపి పోయింది. జినెట్ రాసిన నాలుగు ఉత్తరాలకీ జవాబు రాలేదు.

ఆ సాయంత్రమే రూలో వాళ్ళ వంటింట్లో తీర్పు అయిపోయింది. బఠాణీ సూప్ పొగలు కక్కుతోంది. డెనిస్ నిలబడే మాట్లాడాడు.

"లైసెన్సు లేని డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన గొట్టం పట్టాడని రాస్తే ఇన్సూరెన్సు వాళ్ళు సెంటు కూడా ఇవ్వరు. కంపెనీ మూతపడుతుంది. పోసింది నువ్వని రాద్దాం. నీకు లైసెన్సుంది. మనిషన్నాక పొరపాటు చెయ్యడా?"

"నేను చెయ్యలేదు కదరా!"

"అందుకే నీకు చెల్లుతుందంటున్నా. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కటంటే ఎవరైనా క్షమిస్తారు. ఆయనదని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఏదో ఒకరోజు సర్దుబాటు చేద్దాంలే."

జినెట్ తండ్రి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "నువ్వేమంటావు నాన్నా?"

ఫెర్నాండ్ చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించాడు. "సూప్‌లో ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఆమె సంతకం పెట్టింది. ఎవరూ చెయ్యి విరిచి పెట్టించలేదు, అది నిజమే. తండ్రి పరువు, తాత బండి, పదకొండుమంది పనివాళ్ళ జీతాలు అన్నీ తన సంతకం మీద ఆగినట్టు అనిపించిందామెకి. మంచితనానికి పోతే ఉన్నదీ పోతుందని ఆమెకి చెప్పే తల్లి అప్పటికే లేదు.

ఆమెని బండి దింపేసి టెలిఫోను దగ్గర కూర్చోబెట్టారు, మేనత్తలు కూర్చున్న కుర్చీలోనే. కాఫీ కొట్టులో మిల్లు పెన్షనర్లు, "జినెట్, ఇవాళ ఎవరి నేలమాళిగ నింపుతున్నావ్?" అని పలకరించేవాళ్ళు. డెనిస్ కొత్త డ్రైవర్లకి పాఠం చెబుతూ, "వీధికి ఏ వైపో చూసుకోండి, మా జినెట్‌లా కాదు" అనేవాడు. అతగాడు నిజం తెలిసి కూడా అనేవాడు. అవన్నీ దిగమింగుకుంది. ఏడాది తిరిగాక తండ్రే మొదలుపెట్టాడు. వాకిట్లోకొచ్చిన పోస్టుమనిషితో, "చిన్నప్పటినుంచీ చెప్పా దానికి, ఈల వినవే, ఈల వినవే అని. వింటేగా!" అనడం ఆమె కిటికీలోంచి వింది. మొదట నాటకం అనుకుంది. తరవాత తరవాత ఆయన నిజంగానే నమ్ముతున్నాడేమో అని భయపడింది. ఈ పొద్దున సబ్బు నురగలోంచి "చెప్తాలే" అన్నప్పుడే తెలిసింది, ఆయనకి అన్నీ గుర్తున్నాయని. ఆ సంతోషంలో ఆయన బూట్లు కూడా తుడిచిపెట్టింది, పిచ్చిది.

చర్చి కింది హాల్లో విందు. కుండల్లో రాత్రంతా ఉడికిన తీపి బీన్స్, బెల్లంపాకంతో చేసిన మొలాసిస్ రొట్టె, ఎర్ర సాసేజీలు, వరసగా పళ్ళ పైలు. నూట ఇరవైమంది దాకా వచ్చారు. గోడకి ఒనేజిమ్ గుర్రం ఫోటో, ఆర్మాండ్ ట్యాంకరు ఫోటో, ఫెర్నాండ్, డెనిస్ చేతులు కలిపిన ఫోటో. జినెట్ బీన్స్ కుండ దగ్గర గరిటె పట్టుకుని ఉంది. ఆమె ఫోటో లేదు. ఉంది అనుకుంటే ఉంది, తండ్రీకొడుకుల ఫోటోలో వాళ్ళ వెనకున్న ట్యాంకరు స్టీరింగు దగ్గర ఆమె టోపీ కనిపిస్తుంది.

డెనిస్ కాగితం చూసి నూట నాలుగేళ్ళ చరిత్ర చదివాడు. "నాలుగు తరాలుగా ఈ ఊళ్ళో ప్రతి ఇంటినీ వెచ్చగా ఉంచాం. ఒక్క నేలమాళిగని మాత్రం మరీ వెచ్చగా ఉంచాం!" అన్నాడు. హాలు గొల్లున నవ్వింది. తలలన్నీ బీన్స్ కుండవైపు తిరిగాయి. ముందు వరసలో కింబల్ కూడా నవ్వి, ఆమె కళ్ళలో పడేసరికి రుమాలు వెతుక్కున్నాడు.

తరవాత ఫెర్నాండ్‌కి మైకు ఇచ్చారు. జినెట్ గరిటె కింద పెట్టేసింది.

ఫెర్నాండ్ బాగానే మాట్లాడాడు. తాత వేళ్ళ గురించి చెప్పాడు, తండ్రి కోపం గురించి చెప్పాడు. ఐసు గడ్డల మీద కూర్చుని బడికెళ్ళిన రోజులు చెప్పి నవ్వించాడు. చివరికి మైకు దగ్గరికి లాక్కుని, "ఒకటి మాత్రం గుండె మీద చెయ్యేసుకుని చెప్తాను" అన్నాడు. "ఈ చేత్తో యాభై ఏళ్ళు పోశాను. ఈ చేతిలోంచి ఒక్క చుక్క కింద పడలేదు."

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లలోనే జినెట్ నడుచుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడింది. చప్పట్లు తగ్గాయి.

"నాన్నా, చెప్తానన్నావు."

ఆయన ఆమె పెదవులే చూస్తున్నాడు.

"అందరికీ చెప్పు. ప్రెస్కాట్ గారింట్లో పోసింది ఎవరు? నేను ఎదురింటి నేలమాళిగలో ఉన్నాను. గొట్టం నీ చేతిలో ఉంది. నీకు ఈల వినపడలేదు." ఆమె హాలువైపు తిరిగింది. "నేను కాదు. సంతకం ఒక్కటే నాది. డెనిస్‌కి తెలుసు. అడగండి."

డెనిస్ ఆమె దగ్గరికి వచ్చాడు. "జినెట్, ఇవాళ వద్దు. ఆయన వయసు చూడు" అన్నాడు మెల్లిగా.

"అబద్ధమని చెప్పు, పోతాను."

డెనిస్ కాగితం మడుచుకున్నాడు. రేజాన్ మేనత్త లేచి జినెట్ మోచెయ్యి పట్టుకుంది. "సిగ్గులేదటే? కాటికి కాళ్ళు చాచుకున్నవాడి మీద రుద్దుతావా నీ తప్పు? ఇన్నేళ్ళూ ఏం చేశావు మరి?"

"కోపం రాదా మరి, ఉద్యోగం పోతోందిగా" అన్నారెవరో వెనకనుంచి. అది జాలితోనే అన్నారు. అదే ఇంకా కాల్చింది ఆమెని.

కింబల్ లేచి నిలబడ్డాడు. మర్యాదగా, ఒక్కో మాటా విడమరిచి అడిగాడు. "రూలో గారూ, మీ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

హాలంతా ఫెర్నాండ్ వైపు చూసింది. ఆయన కింబల్ పెదవులు చూశాడు, కూతురి మొహం చూశాడు. జినెట్‌కి ఆ చూపు తెలుసు. అర్థం కానప్పుడు ఆయన కళ్ళు గబగబా తిరుగుతాయి. ఇప్పుడు తిరగడం లేదు, ఆమె మీదే నిలిచాయి. తరవాత ఆయన మెల్లిగా చెయ్యెత్తి చెవి వెనక పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అలా పెట్టుకోవడం ఎవరూ చూడలేదు.

"ఏమంటోంది? నాకు వినపడదు బాబూ," అన్నాడు. "చెవులు ఎప్పుడో పోయాయి."

"అయ్యో, పాపం పెద్దాయన!" అంది రేజాన్ మేనత్త. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఇంతటి మనిషి అంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవడం వాళ్ళకి భరించరానిదైపోయింది.

"విన్నారా?" అంది జినెట్. "చెవులు ఎప్పుడో పోయాయట. ఎప్పుడు పోయాయో అడగండి. ఒక్కరైనా అడగండి!"

ఎవరూ అడగలేదు. కింబల్ కూర్చుని పళ్ళెం వైపు చూసుకున్నాడు. మూలనుంచి ఎవరో ముసలాయన లేచి చప్పట్లు మొదలుపెట్టాడు, పక్కవాళ్ళు అందుకున్నారు, హాలు హాలంతా నిలబడి ఫెర్నాండ్ రూలో కోసం చప్పట్లు కొట్టింది. ఇరవై ఏళ్ళుగా డాక్టరుకి, పాదిరీకి, కట్టుకున్నదానికి కూడా ఒప్పుకోని మాటని, కూతురి తరఫున ఒక్క ముక్క చెప్పాల్సి వచ్చేసరికి ఊరందరి ముందు ఒప్పేసుకున్నాడాయన. చప్పట్ల చప్పుడు ఆయనకి వినపడదు. చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, అందుకని వాటివైపు చూస్తూ తల వంచి దణ్ణం పెడుతున్నాడు.